పది వేళ్లు

కాశీబుగ్గ మూడురోడ్ల దగ్గర
తవిటినాయుడి నెట్ షాపులో
నీ పెళ్లాన్నని రుజువు చేసుకోడానికి
మూడోరోజు కూర్చున్నాను.

ఆధార్‌లో ఊర్వశి, పెళ్లి కాగితంలో ఉరవశి.
"ఈ ఇద్దర్లో నువ్వెవులివే అప్పా?" అంటాడు.
నవ్వడు.
రోజుకి పదిమందిని ఇదే అడుగుతాడు కాబోలు.

చివరిసారి ఎప్పుడు కలిశారు?
రెండేళ్ల ఏడు నెలల కిందట.
మొత్తం ఎన్నాళ్లు కలిసున్నారు?
తొమ్మిదేళ్ల కాపురాన్ని వేళ్లమీద లెక్కపెట్టాను.
వేళ్లు చాలక
అతని కీబోర్డు మీటల మీద లెక్కపెట్టాను.
నూట ఆరు రోజులు.
నీకు జ్వరమొచ్చిన నాలుగూ కలిపే రాయించాను ఢిల్లేశూ,
గడప దాటకుండా నువ్వు నా దగ్గరున్నవి
ఆ నాలుగే.

ఫొటోలు కావాలట.
తిత్లీ రాత్రి రేకులు లేచిపోతే
బియ్యం డబ్బా మీద బోర్లా పడుకున్నాను గాని
ఆల్బం సంగతి మర్చిపోయాను.
పేజీలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి.
విప్పబోతే నీ మొహం ఊడి నా చీర మీదకొచ్చింది.
అదే పెట్టమన్నాను.
"ఇది కుదర్దప్పా" అన్నాడు తవిటినాయుడు.
ఇంతకన్నా దగ్గరగా
ఏ ఫొటోలో ఉన్నాం మనం?

వీడియో కాల్ బొమ్మలు అచ్చు తీయించాం.
అన్నింట్లో నువ్వు పెద్దగా,
వెల్డింగ్ టోపీ నుదుటి మీదకి తోసుకుని,
వెనకాల పోలండ్ మంచు.
మూలన తపాలా బిళ్లంత నేను.

ఫలక్‌నుమా ఎక్కి హైదరాబాదు పోయాను.
అద్దాల గదిలో చల్లని గాజు పలక.
వేళ్లు పెట్టమంది ఆ పిల్ల. పెట్టాను.
తుడుచుకుని పెట్టమంది.
గట్టిగా నొక్కమంది.
ఎర్ర దీపం.
మళ్లీ ఎర్ర దీపం.
"మీ వేళ్లకి గీతల్లేవండీ" అంది,
ఎవరో పోయిన కబురు చెప్పినంత మెల్లిగా.

ఎక్కణ్ణించి ఉంటాయి?
పదకొండేళ్లుగా పలాస జీడిపిక్కలు కొడుతున్నాను.
ఆముదం రాసుకున్నా బూడిద పూసుకున్నా
జీడి తన వాటా తను తినేస్తుంది.
గుండు విరగకుండా నేను తీసిన పప్పు
డబ్బాల్లో కూర్చుని ఏ దేశాలకో పోయింది,
దాన్నెవరూ ఏమీ అడగలేదు.

"నలభై రోజులు పని మానేసి రండి,
తోలొస్తుంది."

నలభై రోజులు
మంచం మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.
కూలి లేదు, షావుకారు కబురు మీద కబురు.
దాలమ్మ రోజూ రాత్రి కొబ్బరినూనె తెచ్చి
నా వేళ్లకి రాస్తూ
"ఏటే, నీ ఏళ్లు నీళ్లోసుకున్నాయేటే" అని పడీ పడీ నవ్వేది.

పద్దెనిమిదో రోజున చూపుడువేలి మీద
సన్నగా ఒక గీత,
బారువ ఇసకలో పీతపిల్ల నడిచినట్టు.
నెల తిరిగేసరికి సుడి.

అప్పుడు భయమేసింది.
నువ్వు పుస్తె కట్టిన నాటికే
నా వేళ్లు నున్నగా ఉన్నాయి.
ఈ గీతలు నీకన్నా ముందటివి,
పది పరీక్ష రాసిన గుంటవి.
ఆ గుంటని నువ్వెప్పుడూ చూళ్లేదు.
వాళ్లు గుర్తుపట్టి నీ దగ్గరికి పంపేది
దాన్నేనేటి?

రెండోసారి తొమ్మిది వేళ్లకి పచ్చ దీపం వెలిగింది.
కుడి బొటనవేలు మాత్రం ససేమిరా అంది.
ఆ పిల్ల ఏదో రాసుకుని
చాలు, వెళ్లండి అంది.

మళ్లీ పిలుస్తారేమోనని పనికి పోవడం లేదు.
వేళ్లు దాచుకుంటున్నాను,
విత్తనాలు దాచినట్టు.

నిన్న రాత్రి ఫోన్లో చెయ్యి చూపించాను.
చాలాసేపు ఏమీ అనలేదు నువ్వు.
నీ వెనకాల ఓడ మీద ఎవరివో సుత్తి దెబ్బలు.
"ఎవుల సెయ్యే అది?" అన్నావు.

కుడి బొటనవేలు
కెమెరాకి ఆనించి పెట్టాను.
ఇంకా నల్లగా ఉన్నది అదొక్కటే.

"ఆఁ" అన్నావు.